టెలిఫోన్ లైన్లలో తప్పుడు టోన్ గుర్తింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు కార్యాలయాల్లో ఈపీఏబీఎక్స్‌లు (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజీలు), ఐవీఆర్‌లు (మెనూ వినిపించి బటన్లతో జవాబు తీసుకునే యంత్రాలు) చూసుకునే తెలుగు ఇంజనీర్లూ, అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో ఫోన్ బటన్ల టోన్లను గుర్తించే డీటీఎంఎఫ్ మాడ్యూల్ కొనుక్కుని ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థులూ అవే సందేహాలను మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అందుకని వాటిని పని సాగే క్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా, ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## సమస్యను గుర్తించే దశ

కాలర్ ఏ బటనూ నొక్కలేదంటున్నారు, మా లాగ్‌లో మాత్రం 7 పడింది. ఇదెలా సాధ్యం?

ఆ 7 కాలర్ గొంతులోంచే వచ్చి ఉండవచ్చు. డీటీఎంఎఫ్‌లో ప్రతి అంకె రెండు పౌనఃపున్యాల జోడి. 7కు 852, 1209 హెర్ట్జ్ కలిసి మోగాలి. మనం అచ్చు పలికినప్పుడు స్వరతంత్రులు ఒక మూల పౌనఃపున్యాన్నీ దాని రెట్లన్నిటినీ, అంటే హార్మోనిక్‌లనూ పుట్టిస్తాయి, నోటి ఆకారం వాటిలో కొన్నిటిని బలపరుస్తుంది. 1952లో అమెరికాలో ప్రచురితమైన ప్రసిద్ధ కొలతల ప్రకారం స్త్రీలు పలికిన 'ఆ' వంటి అచ్చులో బలపడే మొదటి రెండు ప్రాంతాల సగటు 850, 1220 హెర్ట్జ్. ఇవి 7కు కావలసిన జోడికి ఎంత దగ్గరో చూడండి. ఫోనులో ఎదుటివారు చెప్పేది వింటూ "ఆఁ… ఆఁ…" అని సాగదీసే అలవాటు మనకు ఎలాగూ ఉంది.

గొంతు మూల పౌనఃపున్యం 172 హెర్ట్జ్ అనుకుంటే ఐదో హార్మోనిక్ 860, ఏడోది 1204. టోన్‌ను గుర్తించే డిటెక్టర్ తప్పనిసరిగా ఒప్పుకోవలసిన హద్దు 1.5 శాతం అటూ ఇటూ కనుక రెండూ దానిలోనే పడతాయి. లెక్క వేస్తే గొంతు దాదాపు 170.1 నుంచి 172.9 హెర్ట్జ్ దాకా, అంటే మూడు హెర్ట్జ్ కూడా లేని ఇరుకు సందులో, కొన్ని పదుల మిల్లీసెకన్లు నిలిస్తే చాలు. అయితే ఆ క్షణంలో 1032 హెర్ట్జ్ దగ్గర ఆరో హార్మోనిక్ కూడా మోగుతూ ఉంటుంది. నిజమైన బటన్ నొక్కినప్పుడు అక్కడ ఏమీ ఉండదు. 852, 1209 ఉన్నాయా అని మాత్రమే చూసే డిటెక్టర్ ఇక్కడ మోసపోతుంది. అవి తప్ప ఇంకేమైనా ఉందా అని కూడా చూసేది మోసపోదు. ఈ తప్పుడు గుర్తింపునే టాక్-ఆఫ్ అంటారు.

ఇది ఆడవాళ్ల గొంతుకే ఎక్కువగా జరుగుతుందా?

సాధారణంగా అవును, అందుకు కారణం అంకగణితంలోనే ఉంది. 1, 5, 9 అంకెల్లో పై పౌనఃపున్యాన్ని కింది దానితో భాగిస్తే ప్రతిసారీ 1.735 దరిదాపుల్లో వస్తుంది, ఏడో హార్మోనిక్‌ను నాలుగోదానితో భాగిస్తే 1.75. అందువల్ల గొంతు సుమారు 173.5 హెర్ట్జ్ ఉన్నప్పుడు నాలుగు, ఏడు హార్మోనిక్‌లు కలిసి 1ని, 191.5 దగ్గర 5ను, 212 దగ్గర 9ని అనుకరించగలవు. ఈ మూడూ స్త్రీలు మామూలుగా మాట్లాడే స్థాయిలోనివే. పురుషుల గొంతు 100 నుంచి 120 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటే హార్మోనిక్‌లు దగ్గరదగ్గరగా కిక్కిరిసి శక్తి చాలాచోట్లకు పంచుకుపోతుంది కనుక ఏ రెండో విడిగా పైకి తేలడం అరుదు. పరీక్షలకు ఇంజనీర్ల బృందంలోని మగ గొంతులు మాత్రమే వాడిన పరికరం మొదటిరోజే కస్టమర్ల దగ్గర తడబడటంలో ఆశ్చర్యం లేదు.

ఒక్కసారి నొక్కితే అంకె రెండుసార్లు పడుతోంది. ఇదీ టాక్-ఆఫేనా?

కాదు, దీనికి మందు వేరు. ఐపీ లైన్లలో (మాటను ఇంటర్నెట్ పద్ధతిలో ప్యాకెట్లుగా పంపేవి) ఎక్కువగా కనిపించే కారణం ఏమిటంటే, గేట్‌వే (ఫోన్ లైనును ఐపీ నెట్‌వర్క్‌కు కలిపే పరికరం) అంకెను ప్రత్యేక ప్యాకెట్‌గా పంపుతూనే టోన్ మొదటి కొన్ని మిల్లీసెకన్లను మాటల ధారలోకి జారవిడుస్తుంది. అటువైపు యంత్రం రెండు దారుల్లోనూ వింటూ రెండూ లెక్కిస్తుంది. వినే దారుల్లో ఒకటి మూసేస్తే సమస్య తీరుతుంది. రెండో కారణం, అంకె ముగిసిందని చెప్పే ప్యాకెట్‌ను జాగ్రత్త కోసం మూడుసార్లు పంపే పద్ధతి ఉంది. ఆ మూడింటికీ టైమ్‌స్టాంప్ ఒకటేనని గమనించని సాఫ్ట్‌వేర్ వాటిని వేర్వేరు అంకెలుగా చూస్తుంది. అనలాగ్ లైనులో అయితే, నొక్కి పట్టిన టోన్ మధ్యలో క్షణం తెగి మళ్ళీ అతుక్కోవడం వల్ల ఇలా జరుగుతుంది. అంకె ముగిసిందని తేల్చేముందు డిటెక్టర్ ఇంకొంచెం ఆగేలా చేయాలి.

ఈల వేసి అమెరికా ఫోన్ లైన్లను మోసగించిన 2600 హెర్ట్జ్ కథ పాతది కదా, దాన్ని ఇప్పుడు చదవడం ఎందుకు?

ఎందుకంటే తప్పుడు గుర్తింపుకు వాడిన ఒక మంచి పరిష్కారం అక్కడే ఉంది. అమెరికా దూర లైన్లలో ఖాళీగా ఉన్న ట్రంకుపై, అంటే ఎక్స్ఛేంజీలను కలిపే లైనుపై, 2600 హెర్ట్జ్ టోన్ నిరంతరం మోగేది; కాల్ మొదలవగానే ఆగేది, ముగిశాక మళ్ళీ వచ్చేది. మాటలు వెళ్ళే తీగలోనే సంకేతమూ వెళ్ళడం వల్ల, మాట్లాడేవారి గొంతులో ఆ పౌనఃపున్యం కాసేపు నిలిస్తే ఎక్స్ఛేంజి కాల్ అయిపోయిందనుకుని లైను తెంపేయగలదు. మాటల్లో ఆ ఎత్తున శక్తి తక్కువని 2600ను ఎంచుకున్నారు, కానీ అదొక్కటే చాలలేదు. అప్పుడు చేర్చిందే గార్డ్ సర్క్యూట్. అది 2600 చుట్టూ ఉన్న శక్తినీ మిగతా మాటల పట్టీలో ఉన్న శక్తినీ పోల్చి, మిగతాది గణనీయంగా ఉంటే గుర్తింపును అడ్డుకుంటుంది. మాట పలికితే అనేక పౌనఃపున్యాలు కలిసి వస్తాయి, సంకేతం ఒంటరిగా వస్తుంది. ఈ తేడాను వాడుకోవడమే దాని పని.

ఒంటరి స్వరాన్ని మనిషే పుట్టిస్తే మాత్రం గార్డ్ ఏమీ చేయలేదు. 1950లలో జో ఎన్‌గ్రెసియా అనే అంధ బాలుడు ఈల వేసి కాల్ తెంపగలిగాడు, తర్వాతి తరం అదే స్వరాన్ని పుట్టించే చిన్న పెట్టెలతో, అంటే బ్లూ బాక్స్‌లతో, వాడుకుంది. 1964లో నిర్దేశించిన సీసీఐటీటీ (అంతర్జాతీయ టెలిఫోన్ ప్రమాణాల సంస్థ) 5వ నంబరు సంకేత పద్ధతి అంతర్జాతీయ లైన్లలో కాల్ ముగింపుకు 2400, 2600 రెండూ కలిసి ఉండాలని పెట్టింది. యూరప్‌లో పుట్టి మన దేశంలోనూ వాడిన ఆర్2 అనే సంకేత పద్ధతుల కుటుంబం అనలాగ్ లైన్లలో లైను సంకేతాన్ని 3825 హెర్ట్జ్‌కు, అంటే మాటల పట్టీకి అవతలకు, నెట్టేసింది. చివరికి 7వ నంబరు పద్ధతి సంకేతాలకు వేరే దారే వేయడంతో ఎక్స్ఛేంజీల మధ్య ఈ బెడద పోయింది. కాలర్ బటన్ నొక్కి ఐవీఆర్‌తో మాట్లాడే చోట మాత్రం సంకేతం ఇంకా మాటల్లోనే ప్రయాణిస్తోంది.

## డిటెక్టర్‌ను ఎంచుకునే, రూపొందించే దశ

697, 770, 852 లాంటి వింత అంకెలు ఎందుకు? 700, 800 పెట్టుకుంటే లెక్క సులువు కదా?

సులువు మనకే కాదు, గొంతుకూ అవుతుంది. 700, 800, 1200, 1400 వంటి గుండ్రటి సంఖ్యలైతే 100 లేదా 200 హెర్ట్జ్ గొంతు హార్మోనిక్‌లు నేరుగా వాటిపైనే పడతాయి. 1963లో టచ్-టోన్‌గా సేవలోకి వచ్చిన ఈ పద్ధతిలో ఏ పౌనఃపున్యమూ మరొకదానికి పూర్ణ రెట్టు కాకుండా, ఏ రెండింటి మొత్తమో తేడానో మూడోదానిపై పడకుండా ఎంచారు. పక్కపక్క పౌనఃపున్యాల నిష్పత్తి సుమారు 21కి 19. లైనులో వక్రీకరణ వచ్చినా కొత్త అంకె పుట్టకూడదన్నదే ఉద్దేశం. కింది గుంపు నుంచి ఒకటి, పై గుంపు నుంచి ఒకటి తప్పనిసరి కావడం ఇంకో రక్షణ.

డీటీఎంఎఫ్ అంకెలను గుర్తించే ఎమ్‌టీ8870 చిప్ వాడుతున్నాను. తప్పుడు అంకెలు తగ్గాలంటే ఏ రెసిస్టర్ మార్చాలి?

స్టీరింగ్ సర్క్యూట్‌లోని రెసిస్టర్, అంటే ఎస్‌టీ-జీటీ, ఈఎస్‌టీ పిన్నుల మధ్య ఉండేది. చిప్ చెల్లుబాటయ్యే జోడిని చూసిన వెంటనే ఈఎస్‌టీ పైకి లేస్తుంది, కానీ ఆ రెసిస్టరూ దానితో ఉన్న కెపాసిటరూ నిర్ణయించే గార్డ్ సమయం నిండేదాకా అంకె నమోదు కాదు. మామూలుగా సూచించే 0.1 మైక్రోఫారడ్, 300 కిలోఓమ్‌లతో 5 వోల్టుల వద్ద ఈ సమయం సుమారు 20 మిల్లీసెకన్లు. చిప్ గుర్తించడానికి తీసుకునే దాదాపు 11 మిల్లీసెకన్లు కలిపితే 30 దాటిన టోన్ ఏదైనా అంకె అవుతుంది. రెసిస్టర్‌ను 390 కిలోఓమ్‌లు చేస్తే మొత్తం 36, 37కు చేరుతుంది. 470 చేస్తే 40 దాటుతుంది. వేలితో నొక్కే వారికి ఇబ్బంది లేదు కానీ 40 మిల్లీసెకన్ల టోన్లు పంపే ఆటో డయలర్ల అంకెలు పోవచ్చు. గొంతు ఒకే ఎత్తున అంతసేపు కదలకుండా నిలవడం కష్టం కనుక ఈ కొద్ది పెంపే ఎక్కువ మేలు చేస్తుంది.

ఒక చిన్న చిక్కు ఉంది. ఒకే రెసిస్టర్ ఉంటే అంకెను ఒప్పుకునే సమయమూ, ముగిసిందనే సమయమూ కలిసి మారతాయి. రెండిటినీ విడిగా సర్దుకోవాలంటే డయోడ్‌తో ఇంకో రెసిస్టర్ జోడించే సర్క్యూట్ డేటాషీట్‌లోనే ఉంది. తయారుగా దొరికే మాడ్యూళ్లలో ఆ చోటు సాధారణంగా ఉండదు, తీగతో మనమే అతికించుకోవాలి.

ఒక్కో పౌనఃపున్యం బలాన్ని లెక్కించే గొర్ట్‌జెల్ అల్గారిథంతో డిటెక్టర్‌ను సొంతంగా రాస్తున్నాను. ఎనిమిది ఫిల్టర్లలో ఎత్తైన రెండింటిని తీసుకుంటే చాలదా?

నిశ్శబ్ద గదిలో బటన్లు నొక్కి చూస్తే చాలినట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. ఎనిమిదింటిలో ఎప్పుడూ ఏవో రెండు ఎత్తుగా ఉంటాయి కనుక ఈ ప్రోగ్రాం ప్రతి మాటనూ ఏదో ఒక అంకెగా చూడబోతుంది. సెకనుకు 8000 నమూనాల వద్ద 205 నమూనాల బ్లాకు వాడటం పరిపాటి. దాని నిడివి 25.6 మిల్లీసెకన్లు, ఒక్కో ఫిల్టర్ వెడల్పు సుమారు 39 హెర్ట్జ్. బ్లాకు పెద్దదైతే ఫిల్టర్ ఇరుకై కాస్త తప్పిన నిజమైన టోన్లు జారిపోతాయి, చిన్నదైతే వెడల్పై పక్కవీ లోపలికి వస్తాయి.

నన్నడిగితే మొదట రాయవలసిన పరీక్ష మొత్తం శక్తి పరీక్ష. బ్లాకులోని నమూనాల వర్గాల మొత్తం ఎంత, అందులో గెలిచిన రెండు పౌనఃపున్యాల వాటా ఎంత అని చూడటమే అది. నిజమైన అంకెలో దాదాపు అంతా ఆ రెండింటిదే. అచ్చులో మిగతా హార్మోనిక్‌లు తమ వాటా తీసుకుపోతాయి. దీనికి అదనపు ఫిల్టరేమీ అక్కర్లేదు, ఒక కూడిక చాలు, అయినా ఎక్కువమంది దీన్నే వదిలేస్తారు. ఆ తర్వాత ఒక్కో గుంపులో గెలిచినది తన గుంపులోని మిగతా మూడింటికంటే స్పష్టంగా పైన ఉందా అని చూడాలి. గెలిచిన రెండింటి రెండో హార్మోనిక్‌లలో, ఉదాహరణకు 852కు 1704 దగ్గర, శక్తి కనిపిస్తే అది మాటే అయ్యే అవకాశం ఎక్కువ. చివరగా వరుసగా రెండు మూడు బ్లాకులు అదే అంకె చెబితేనే నమోదు చేయాలి.

ఇక్కడ తొందరలో మరిచేది ఒకటుంది. ఎక్స్ఛేంజి వైపు డిటెక్టర్ రాసేటప్పుడు మొదటి అంకె డయల్ టోన్ మోగుతుండగానే వస్తుంది. ఆ 400 హెర్ట్జ్‌ను ముందే వడకట్టకపోతే మొత్తం శక్తి పరీక్ష దాన్ని కూడా కలుపుకుని నిజమైన అంకెనే తోసిపుచ్చుతుంది.

ట్విస్ట్ హద్దు ఎంత పెట్టాలి?

ట్విస్ట్ అంటే జోడిలోని రెండు టోన్ల బలాల మధ్య తేడా. పొడవైన రాగి తీగ పై పౌనఃపున్యాన్ని ఎక్కువగా తగ్గిస్తుంది కనుక కింది టోన్ బలంగా ఉండటం సహజం. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన క్యూ.24 సిఫారసులో నమోదైన ఏటీ అండ్ టీ విలువల ప్రకారం, పై టోన్ కింది దానికంటే 8 డెసిబెల్‌ల వరకు తక్కువగానూ, 4 డెసిబెల్‌ల వరకు ఎక్కువగానూ ఉండవచ్చు. మాటల్లో ఈ తేడా ఎటైనా, ఎంతైనా ఊగుతుంది. ఈ హద్దు అందుకే జల్లెడలా పనిచేస్తుంది. మీ కాల్స్ అన్నీ డిజిటల్ ట్రంకుపైనే వస్తుంటే రాగి తీగ కోసం ఇచ్చిన ఆ 8ని 6కు తగ్గించి చూడవచ్చు.

ఎ, బి, సి, డి కీలను వదిలేయవచ్చా?

ఫోన్లలో ఆ నాలుగో నిలువు వరుస ఉండదు కనుక ఐవీఆర్‌లో వదిలేయడమే మేలు. 1633 హెర్ట్జ్ ఉన్న నాలుగు జోడీలు ఒక్కసారిగా తప్పుకుంటాయి. అయితే మన దేశంలో ల్యాండ్‌లైన్ కాలర్ ఐడీ డీటీఎంఎఫ్‌లో వచ్చే లైన్లున్నాయి, అక్కడ ఈ అక్షరాలు హద్దు గుర్తులుగా వాడతారు. కాలర్ ఐడీ చదివే భాగంలో వాటిని ఉంచి, కాల్ కలిశాక తీసేయాలి.

## లైనుకు కలిపే దశ

రిసీవర్ ఎత్తగానే, ఎవరూ ఏమీ అనకముందే అంకె పడుతోంది. డయల్ టోన్ వల్లనా?

డయల్ టోన్ వల్లనే కావచ్చు, ముఖ్యంగా మీ ఇన్‌పుట్ ఆంప్లిఫయర్ దాన్ని కోసేస్తుంటే. మన దేశపు డయల్ టోన్ 25 హెర్ట్జ్‌తో మాడ్యులేట్ చేసిన 400 హెర్ట్జ్. అంటే అందులో 375, 400, 425 హెర్ట్జ్ ఉంటాయి. ఇవి డీటీఎంఎఫ్ పట్టీకి బాగా కింద ఉన్నాయి. కానీ తరంగం పైభాగం కోసుకుపోతే హార్మోనిక్‌లు, కలగలుపు పౌనఃపున్యాలు పుడతాయి. 400కు మూడు రెట్లు 1200, ఇది 1209కి ఒక్క శాతం లోపు దూరం. 425కు రెట్టింపు 850, ఇది 852 పక్కనే. 375, 400 కలిస్తే 775, ఇది 770 పక్కన. అంటే 4, 7 అంకెలకు కావలసిన సరుకు అంతా సిద్ధంగా ఉంటుంది. ఉత్తర అమెరికా డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ కనుక ఎమ్‌టీ8870 లాంటి చిప్‌లలో ప్రత్యేక వడపోత ఆ రెండు చోట్లే గట్టిగా ఉంటుంది. మనం చేయవలసింది గెయిన్ తగ్గించడం. ఆసిలోస్కోప్‌లో డయల్ టోన్ తరంగం పైనా కిందా గుండ్రంగా కనిపించేదాకా ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను తగ్గించండి.

మా ఐవీఆర్ చెప్పే వాక్యానికే మా ఐవీఆర్ అంకె గుర్తిస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

రెండు తీగల లైనులో పంపిన మాటలో కొంత భాగం హైబ్రిడ్ (వెళ్ళే మాటనూ వచ్చే మాటనూ వేరుచేసే సర్క్యూట్) దగ్గర తిరిగొస్తుంది. మీ ప్రాంప్ట్‌ను, అంటే ఐవీఆర్ వినిపించే రికార్డు వాక్యాన్ని, చదివిన గొంతు స్థిరంగా, స్పష్టంగా, స్టూడియోలో సమంగా ఉంటుంది కనుక అది డిటెక్టర్‌కు మామూలు మాటకంటే ఎక్కువ ఆశ చూపుతుంది. అలా తిరిగొచ్చే మాటను తీసేసే ఎకో క్యాన్సలర్ ఆన్‌లో ఉందో లేదో మొదట చూడండి. తర్వాత ప్రతి ప్రాంప్ట్ ఫైలునూ లైనులో పెట్టేముందే అదే డిటెక్టర్ గుండా నడపండి. అంకె పడిన చోట ఆ వాక్యాన్ని మళ్ళీ చదివించడమో, శబ్ద స్థాయిని తగ్గించడమో చేయండి. ప్రాంప్ట్ సాగుతున్నంతసేపూ డిటెక్టర్‌ను ఆపేయమని కొందరు సలహా ఇస్తారు, నేనివ్వను. మెనూ కంఠతా వచ్చిన కాలర్ మొదటి మాటలోనే 2 నొక్కుతారు, అది పోతే మళ్ళీ మొదటినుంచి వినవలసి వస్తుంది.

సిప్ ట్రంక్‌కు (ఐపీ మీదుగా వచ్చే ఫోన్ లైనుకు) మారి, అంకెలను ప్యాకెట్లుగా పంపే ఆర్ఎఫ్‌సీ 4733 ప్రమాణం పెట్టుకుంటే ఇక ఈ సమస్యే ఉండదా?

సమస్య మీ సర్వర్ నుంచి వెళ్తుంది, లోకంలోంచి వెళ్ళదు. 2000 నాటి ఆర్ఎఫ్‌సీ 2833ను 2006లో 4733 భర్తీ చేసింది. రెండింటిలోనూ అంకె టోన్‌గా కాక ప్రత్యేక ప్యాకెట్‌గా వస్తుంది. కాల్ మొదటినుంచీ ఐపీ ఫోన్ నుంచే వస్తే అందులో గొంతుకు చోటే లేదు. అయితే కాల్ అనలాగ్ లైనులో పుట్టి గేట్‌వే దాకా వస్తే, టోన్ విని దాన్ని ప్యాకెట్‌గా మార్చేది ఆ గేట్‌వేనే, మోసపోయేదీ అదే. అప్పుడు నష్టం రెండింతలవుతుంది, ఎందుకంటే గేట్‌వే అంకె అనుకున్న ముక్కను మాటల్లోంచి కోసేస్తుంది. ఐవీఆర్‌కు లేని అంకె అందుతుంది, వినేవారికి మాట మధ్యలో చిన్న గండి వినిపిస్తుంది. మాటలు అక్కడక్కడా తెగుతున్నాయనే ఫిర్యాదు వస్తే నెట్‌వర్క్‌ను తిట్టేముందు గేట్‌వే లాగ్‌లో అంకెలు వెతకండి.

కోడెక్ (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతి) జీ.729 అయితే మాటల ధారలో టోన్ వెతకడం మానేయాలి. ఆ కోడెక్ మాటను కుదించడానికి చేసినది, రెండు శుద్ధ టోన్లను అది వంకర చేస్తుంది. హద్దులు సడలించి వాటిని పట్టుకోబోతే మాటలు కూడా లోపలికి వస్తాయి. మాటల్లోనే టోన్ వినక తప్పకపోతే జీ.711 మాత్రమే వాడాలి.

మొబైల్ నుంచి వచ్చే అంకెలు అంత శుభ్రంగా ఎలా ఉంటాయి?

జీఎస్ఎం ఫోను టోన్‌ను మైకులోంచి పంపదు. బటన్ నొక్కారన్న సందేశం నెట్‌వర్క్‌కు వెళ్తుంది, టోన్‌ను అక్కడి ఎక్స్ఛేంజి తయారుచేస్తుంది. అందుకే స్థాయి, ట్విస్ట్ చక్కగా ఉంటాయి. మీ కాలర్లంతా మొబైల్ వారే అయితే హద్దులు బిగించడానికి ఇదే మంచి ఆధారం.

మాట్లాడుతుండగా కాల్ తనంతట తానే కట్ అవుతోంది. అంకెలేమీ పడటం లేదు.

అనలాగ్ కార్డులో బిజీ టోన్ గుర్తింపు ఆన్‌లో ఉందేమో చూడండి. అవతలివారు పెట్టేశారని తెలుసుకోవడానికి ఆ లైన్లలో వేరే సంకేతం లేనప్పుడు, యంత్రం శబ్దం-నిశ్శబ్దం లయను వింటుంది. ఒకే వేగంతో ఆగి ఆగి మాట్లాడేవారి లయ అందులో ఇమిడిపోతే కాల్ తెగుతుంది. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌లో బిజీప్యాటర్న్‌ను 750, 750గా ఇచ్చి, ఆ లయ ఎన్నిసార్లు వినిపిస్తే తెంపాలో చెప్పే బిజీకౌంట్‌ను 6కు పెంచితే తప్పుడు తెంపులు బాగా తగ్గుతాయి. అవతలివారు పెట్టేశాక లైను విడుదల కావడానికి ఇంకొన్ని సెకన్లు పడుతుంది, అంతే. పీఆర్ఐ (డిజిటల్ ట్రంకు), సిప్ లైన్లలో పెట్టేసిన సంగతి సంకేతంగానే వస్తుంది కనుక ఈ గుర్తింపును పూర్తిగా ఆపేయాలి.

మనిషి మాట్లాడుతుంటే కాల్ ఫ్యాక్స్‌కు వెళ్ళిపోతోంది.

పంపే ఫ్యాక్స్ యంత్రం 1100 హెర్ట్జ్ టోన్‌ను అర సెకను మోగించి మూడు సెకన్లు ఆగుతుంది. ఒంటి టోన్ కనుక ఇది డీటీఎంఎఫ్ కంటే సులభంగా మోసపోయే గుర్తింపు. అర సెకను నిండిందా, తర్వాత నిశ్శబ్దం వచ్చిందా అని చూడాలి. ఫ్యాక్స్ రాని నంబరులో దీన్ని ఆపేయడమే ఉత్తమం.

## పరీక్షించే దశ

టాక్-ఆఫ్ పరీక్షకు ఏ రికార్డింగ్ వాడాలి?

పరిశ్రమలో పేరున్నవి మైటెల్ సీఎమ్7291 క్యాసెట్, బెల్‌కోర్ టాక్-ఆఫ్ టేపులు. దొరికితే వాడండి, వేరే డిటెక్టర్లతో పోల్చుకోవడానికి అవి కొలబద్ద అవుతాయి. కానీ అవి ఉత్తర అమెరికా సంభాషణలు. బెంగళూరులో ఒక కాల్ సెంటర్‌కు ఉదయం నుంచి సాయంత్రం వరకు తెలుగు, కన్నడం, తమిళం, హిందీ, ఇంగ్లీషు అన్నీ వస్తాయి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఫోనులో ఆ చివరి అచ్చును సాగదీస్తాం. టోన్‌ను అనుకరించేది సరిగ్గా ఆ సాగిన అచ్చే. కాబట్టి మీ కాలర్ల భాషల్లో, అనుమతి తీసుకున్న రికార్డింగ్‌లు కొన్ని గంటలపాటివి పోగుచేయాలి. అందులో స్త్రీలు, పిల్లలు, పెద్దవారు ఉండాలి. నవ్వు, దగ్గు, ఏడుపు, వెనక టీవీ పాట, ఆటో హారన్ ఉంటే తీసేయకండి.

రికార్డింగ్‌ను లైనులో వచ్చినట్టే, సెకనుకు 8000 నమూనాల ఎ-లా (మన డిజిటల్ ఫోన్ లైన్లు వాడే కోడింగ్) రూపంలో దాచాలి. ఎంపీ3గా మార్చి దాచినవి ఈ పనికి రావు, ఆ కుదింపు బలహీనమైన హార్మోనిక్‌లను తీసేసి మాటను లేనిపోని శుభ్రతతో చూపుతుంది.

తప్పుడు అంకెలు సున్నా అయ్యాయి. ఇక పూర్తయినట్టేనా?

ఆ డిటెక్టర్ నిజమైన అంకెలను కూడా తోసేస్తోందేమో ఇంకా చూడలేదు కదా. మాట, రొద మధ్య నిజమైన అంకె మరుగున పడటాన్ని టాక్-డౌన్ అంటారు, ఒకదాన్ని బిగిస్తే రెండోది పెరుగుతుంది. క్యూ.24లోని ఏటీ అండ్ టీ విలువల ప్రకారం 1.5 శాతం లోపు తప్పిన పౌనఃపున్యాన్నీ, 40 మిల్లీసెకన్ల టోన్‌నూ ఒప్పుకోవాలి; 3.5 శాతం మించి తప్పినదాన్నీ, 23 మిల్లీసెకన్లకు తక్కువైనదాన్నీ తోసిపుచ్చాలి. మధ్య ప్రాంతం మీ ఇష్టం. ప్రతి అంకెనూ ఈ అంచుల దగ్గర, బలహీన స్థాయిలో, వెనక మాటలు కలిపి పరీక్షించాకే పూర్తయిందనుకోండి.

## వాడుకలోకి వచ్చాక

బోరు మోటారుకు డీటీఎంఎఫ్ మొబైల్ స్టార్టర్ చేశాం. ఒక్క అంకెతో ఆన్ చేయవచ్చా?

వద్దు. ఐవీఆర్‌లో తప్పుడు అంకె పడితే తప్పు మెనూ వినిపిస్తుంది, ఇక్కడ మోటారు తిరుగుతుంది. ఆ సమయంలో పొలంలో ఎవరైనా స్టార్టర్ పెట్టె తెరిచి తీగ సర్దుతూ ఉండవచ్చు. ఆన్ చేయడానికి కనీసం మూడంకెల వరుస పెట్టి, అవి నిర్ణీత సెకన్లలో, మధ్యలో వేరే అంకె లేకుండా రావాలనండి. ఒకే గొంతు ఒకే అంకెను పదేపదే పుట్టించే గుణం ఉంది కనుక 777 వంటి కోడ్ పనికిరాదు. వేర్వేరు అడ్డు వరుసల, నిలువు వరుసల అంకెలు కలిపి, 4#2 లాగా ఎంచాలి. ఆపడానికి మాత్రం ఒక్క అంకె చాలు. తప్పుగా ఆగితే నీళ్ళు కాసేపు ఆగుతాయి, అంతకంటే ప్రమాదం లేదు.

తెలియని నంబర్ల కాల్‌ను ఎత్తకుండా చేయడం, కోడ్ అందాక ఒక బీప్ ఇచ్చి ఇంకో అంకెతో ఖాయం చేయించడం కూడా చేర్చండి. రాయలసీమలోనో కోలారు వైపో పొలం ఉండి, బెంగళూరులో గదిలో కూర్చుని మోటారు వేసేవారికి అవతల ఏం జరుగుతోందో కనిపించదని గుర్తుంచుకుని డిజైన్ చేయాలి.

అంకెలు పోతున్నాయంటే ఆస్టరిస్క్‌లోని రిలాక్స్‌డీటీఎంఎఫ్ సెట్టింగ్ ఆన్ చేయమన్నారు. చేయవచ్చా?

ఆస్టరిస్క్‌లో అది ప్రధానంగా రివర్స్ ట్విస్ట్ (పై టోన్ కింది దానికంటే బలంగా ఉండటం) హద్దును సుమారు 4 డెసిబెల్‌ల నుంచి 6కు వదులు చేస్తుంది. మీ లైను సమస్య నిజంగా అదే అయితే పనిచేస్తుంది. స్థాయి తక్కువగా ఉండటం, కోడెక్ వంకర చేయడం, ప్యాకెట్లు పోవడం అసలు కారణాలైతే అంకెలు అలాగే పోతాయి, పైగా తప్పుడువి చేరతాయి. ఆన్ చేసేముందు పోయిన అంకె రికార్డింగ్‌లో రెండు టోన్ల బలాలు కొలవండి. టాక్-ఆఫ్ కనిపించాక బిగించాలంటే అంకె మొదలవడానికి కావలసిన బ్లాకుల సంఖ్యను రెండు నుంచి మూడుకు పెంచే సెట్టింగ్ ఉంది. అక్కడి బ్లాకు 102 నమూనాలది, 12.75 మిల్లీసెకన్లు.

తప్పుడు అంకె అని ఫిర్యాదు వస్తే ఏమేమి సేకరించాలి?

అన్నిటికంటే ముందు డిటెక్టర్‌కు అందిన అసలు శబ్దం, రెండు దిక్కులదీ విడివిడిగా. కలిపి రికార్డు చేస్తే ఆ అంకె కాలర్ గొంతులోంచి వచ్చిందా, మీ ప్రాంప్ట్ ప్రతిధ్వనిలోంచి వచ్చిందా చెప్పలేరు. దానితోపాటు సమయం, కోడెక్, ట్రంక్ పేరు, అంకె మాటల ధారలో దొరికిందా ప్యాకెట్‌గా వచ్చిందా అన్నది రాసి ఉంచాలి. డిటెక్టర్ మీ సొంత ప్రోగ్రాం అయితే, నమోదు చేసిన ప్రతి అంకెతో పాటు ఎనిమిది ఫిల్టర్ల విలువలూ, మొత్తం శక్తిలో జోడీ వాటా, టోన్ నిడివీ లాగ్‌లో పడేలా చేయండి. వాటా, నిడివి రెండూ హద్దును ఒరుసుకుంటూ కనిపిస్తే అది దాదాపుగా మాటే. దొరికిన ప్రతి శబ్దపు ముక్కనూ ఒక ఫోల్డర్‌లో వేసి, సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఆ ఫోల్డర్ మొత్తాన్ని, నిజమైన అంకెల ఫోల్డర్‌తో కలిపి, మళ్ళీ నడపాలి.